వేరు మూసుకోని పన్ను

కోరుట్ల,
21 అక్టోబర్ 2024, సోమవారం

వేణన్నకు,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని బడిలో నేర్పారు. ఇక్కడ క్షేమంగా లేదు. అందుకే ఆ మాట రాయడం లేదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వు "హలో" అనగానే నా గొంతు పట్టేస్తుంది. రెండు మాటలు కూడగట్టుకునేలోపు మరమగ్గాల దగ్గరి నుంచి "సాంచెల చప్పుడుల ఇనవడ్తలేదు, జల్ది చెప్పు" అంటావు. ఇంట్లో ఫోన్ పట్టుకుంటే మా అత్తమ్మ చేతిలో చుట్టే బీడీ ఆగిపోతుంది, చెవి ఇటే ఉంటుంది. కాగితమైతే నువ్వు మధ్యలో కట్ చేయలేవు. చివరిదాకా చదవాల్సిందే.

దసరా తెల్లారి చెల్లె దీపను నా దగ్గరికి పంపుతూ నువ్వేమన్నావు? "పెండ్లి నాటికి దవడ వాపు కనవడద్దు, గా పన్ను బాగు చేపియ్యి" అన్నావు. మర్నాడే బస్టాండు దగ్గర పళ్ళ డాక్టరు ప్రేమలత మేడం దగ్గరికి తీసుకుపోయాను. చీటీ మీద వయసు అడిగారు. నువ్వు చెప్పినట్టే పద్దెనిమిది అని నా చేత్తో రాశాను. మేడం పుచ్చిన పన్నుకు చిన్న ఎక్స్‌రే తీసి చాలాసేపు చూసింది. చీటీ చూసింది, మళ్ళీ ఎక్స్‌రే చూసింది. "జగిత్యాల పోయి మొత్తం దవడ ఎక్స్‌రే తీయించుకురండి, ఇక్కడ ఆ మిషన్ లేదు" అని రాసిచ్చింది.

మొన్న శనివారం జగిత్యాల పోయాం. దీప ఒక పుల్లను పళ్ళతో పట్టుకుని నిలబడితే, మిషన్ దాని తల చుట్టూ తిరిగింది. బయటికొచ్చి "అక్కా, అది నా సుట్టు ప్రదక్షిణం చేసింది" అని నవ్వింది. ఒక్క ఫిల్మ్ మీద దవడ మొత్తం వచ్చింది.

ఇవాళ ప్రేమలత మేడం ఆ ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి నాకు చూపించింది. పుచ్చిన పన్ను వేరు చివర గరాటు మూతిలా తెరుచుకుని ఉంది. అన్నిటికన్నా వెనక వచ్చే జ్ఞానదంతం ఎముకలో గింజలా పడి ఉంది, దానికి వేరు అప్పుడే మొదలైంది. మేడం అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"పద్దెనిమిదేండ్లదైతే ఈ పన్ను వేరు ఎప్పుడో మూసుకుపోవాలమ్మా. ఈ పిల్లకు పద్నాలుగు, పదిహేను ఉంటయి. ఏడాది, ఏడాదిన్నర అటో ఇటో కావచ్చు. పుట్టిన తారీఖు పండ్లు చెప్పవు. కానీ పద్దెనిమిది నిండినయంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎవలు చెప్పిండ్రు నీకు పద్దెనిమిదని?"

ఎవరు చెప్పారో నాకు తెలుసు. తల వంచుకుని ఫిల్మ్‌ను కవర్లో పెట్టుకున్నాను. ఆ సిగ్గంతా ఇప్పుడు కోపమై ఈ కాగితం మీదికి వస్తోంది.

అన్నా, దాని పుట్టిన తారీఖు నువ్వు మార్పించావా? డిసెంబర్ అయిదున పెళ్ళి చేయడానికి మూడేళ్ళు ఎక్కించావా? అవునో కాదో రాయి.

సంధ్యారాణి

*

సిరిసిల్ల,
25 అక్టోబర్ 2024

చెల్లె సంధ్యకు,

నీ ఉత్తరం అందింది. పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకే షిఫ్టు దిగి కారఖానా ముందర టీ కొట్లో కూర్చుని రాస్తున్నాను. పక్కవాళ్ళు ప్రేమలేఖ అనుకుంటున్నారు.

నేను దొంగనా? నాన్న పోయినప్పటి నుంచి ఆ ఇంటికి బియ్యం తెచ్చినవాడిని, నీ పెళ్ళి చేసినవాడిని, నన్ను పట్టుకుని కాగితం మార్చావా అంటావా? ఇదిగో, దీప పుట్టిన పత్రం జిరాక్స్ ఇందులోనే పెట్టాను. కళ్ళు తెరిచి చూడు. పేరు దీప, తండ్రి రాజేశం, తల్లి సాయవ్వ, పన్నెండు ఎనిమిది రెండువేల ఆరు. దవాఖానాలో పుట్టినప్పుడు ఇచ్చిన కాగితం, ముద్ర ఉంది. బడిలో ఇదే రాశారు, ఆధార్‌లో ఇదే ఎక్కింది. అమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చింది. నేను ఒక్క గీత కూడా గీయలేదు.

పిల్ల ఇంకా పదో తరగతే కదా అని అడుగుతావేమో. లేటుగా బడికి వేశాం, అంతే. సన్నగా, పొట్టిగా ఉంటే చిన్నపిల్లేనా? మన అమ్మ ఎంత ఎత్తుందో నీకు తెలీదా?

పళ్ళ డాక్టర్లు ఒక పన్నుకు పదిసార్లు తిప్పుతారు. ఇప్పుడు వయసు కూడా చెబుతున్నారన్న మాట. రేపు జాతకం కూడా చెబుతారు.

అసలు సంగతి నాకు తెలుసు. మీ అత్త సత్యవ్వ పోయిన ఏడు తన అక్క కొడుకుకు దీపను అడిగింది. మనం ఇవ్వలేదు. ఇప్పుడు సతీశ్ సంబంధం చెడగొట్టి పిల్లను అక్కడే ఉంచుకోవాలని చూస్తోంది. నువ్వేమో అమాయకురాలివి.

సతీశ్ మంచివాడు. నెల సెలవు మీద బహ్రెయిన్ నుంచి వస్తున్నాడు. ఈసారి పోతే మళ్ళీ రెండేళ్ళకు గానీ రాడు. నాకు జనవరిలో వీసా ఉంది. ఎదిగిన పిల్లను, బీపీ ఉన్న అమ్మను ఊళ్ళో ఇద్దరినే వదిలి నేనెట్లా పోవాలి? అది చెప్పు ముందు.

పన్ను పీకించెయ్యి. పని అయిపోతుంది.

నీ అన్న వేణు

*

కోరుట్ల,
29 అక్టోబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం మా ఆయన శ్రవణ్ గిర్నిలో ఉండగా వచ్చింది. మిరపకాయలు పట్టే మిషన్ పక్కన నిలబడి పైకి చదివాడు. అత్తమ్మ వెనకాలే ఉంది. మొత్తం విన్నది. ఆమె ఏమన్నదో నువ్వు కూడా విను.

"నా అక్క కొడుక్కు గీ పిల్లనా? అడిగిన, ఔ, అడిగిన. పద్దెనిమిది వడ్డయని మీ అన్న ఊరంత సాటితే అడిగిన. గిప్పుడు పండ్లు సూశినంక గూడ అడుగుతనా? కోడల్ని తెచ్చుకొని ఉగ్గు వట్టాల్నా నేను?"

తర్వాత దీపకు రెండు గరిటెలు పెరుగు ఎక్కువ వేసింది. అదీ ఆమె కుట్ర.

కాగితం చూశాను. నువ్వు మార్చలేదు. ఆ మాట అన్నందుకు తప్పే. కానీ కాగితం చూసినప్పటి నుంచి నాకు ఇంకా ఎక్కువ కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు.

నాన్న తాడిచెట్టు మీది నుంచి పడి చనిపోయింది రెండువేల పదిహేనులో. మరుసటేడు దీపకు ముందరి పాలపన్ను ఊడింది. మొట్టమొదటి పన్ను అదే. పేడలో పెట్టి పెంకుల మీదికి విసిరింది నేనే. అది ఎగరలేక నా చంకనెక్కి "నేనేస్త" అని ఏడ్చింది. నీ కాగితం ప్రకారం అప్పటికి దానికి పదేళ్ళు. పదేళ్ళ పిల్లకు మొదటి పన్ను ఊడుతుందా అన్నా? పదేళ్ళ పిల్లను నేను చంకనెత్తుకున్నానా?

ఇంకోటి. రాత్రంతా గుర్తు చేసుకున్నాను. అమ్మ కాన్పు నాకు రెండుసార్లు గుర్తుంది. ఒకసారి నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని సిరిసిల్ల దవాఖానాకు తీసుకుపోయాడు, గాలి ఊదిన ఎర్ర బుగ్గ కొనిచ్చాడు. అప్పుడు నేను అంగన్‌వాడీకి పోతున్నాను. ఇంకోసారి బడి నుంచి వచ్చేసరికి మంచాలకు చీర అడ్డం కట్టి ఉంది, మంత్రసాని అవ్వ వేడినీళ్ళు పోస్తోంది. అప్పుడు నేను రెండో తరగతి. ఆ ఏడు నాకు పలకతో పాటు నోటుపుస్తకం కూడా ఇచ్చారు. రెండో తరగతి అంటే రెండువేల తొమ్మిది.

రెండు కాన్పులు. ఇంట్లో ఉన్నది ఒక్క దీప.

నీ చేతిలోని కాగితం ఎవరిది? అమ్మను అడుగు.

పన్ను పీకించను. మేడం వద్దంది. వేరు చివర మూసుకోవడానికి మందు పెట్టింది.

సంధ్య

*

సిరిసిల్ల,
4 నవంబర్ 2024

సంధ్యకు,

దీపావళికి పిల్లను తీసుకుని వస్తావనుకున్నాం. రాలేదు. అమ్మ గడపలో కూర్చుని కోరుట్ల బస్సు వచ్చే దిక్కే చూసింది.

నువ్వు తవ్వమన్నది నేను తవ్వను. ఒక పిల్ల పోయిందని నాకూ తెలుసు. మూడో తరగతిలో ఉన్నాను. చిట్టి అని పిలిచేవాళ్ళం. దానికి పేరు కూడా పెట్టలేదనుకుంటాను. నాన్న తువ్వాలలో చుట్టి చెలక గట్టుకు తీసుకుపోయాడు. ఆ తర్వాత అమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తి ఆమెను మంచాన పడెయ్యమంటావా?

పాలపన్ను ఎప్పుడు ఊడిందో, బుగ్గ ఏ రంగుదో, ఇవా సాక్ష్యాలు? ఏడో తరగతితో బడి మానేసిన నువ్వు నాకు లెక్కలు చెబుతావా?

నాకు ఒకటే అర్థమవుతోంది. నీ పెళ్ళికి వీడియో తీయించలేదని, బ్యాండు పెట్టలేదని నీకు లోపల ఉంది. దీప పెళ్ళి ఘనంగా చేస్తున్నానని ఓర్వలేకపోతున్నావు. అప్పుడు నా జీతమెంత, ఇప్పుడెంత? అర్థం చేసుకోవా?

పత్రికలు అచ్చయ్యాయి. నవంబర్ ఇరవై నాలుగు ఆదివారం నేనే వచ్చి దీపను తీసుకుపోతాను. రెడీగా ఉంచు.

బావను అడిగినట్టు చెప్పు.

వేణు

*

కోరుట్ల,
8 నవంబర్ 2024

వేణన్నకు,

నాకు బ్యాండు మీద కోపమా? నా పెళ్ళిలో వీడియో లేనందుకు నేను సంతోషించాను. అంతమంది ముందు తల ఎత్తాల్సిన పని తప్పింది. నువ్వు నా అన్నవి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నావు. నేనెలాంటిదాన్నో ఇంతేనా తెలిసింది?

ఏడో తరగతి సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి రాస్తాను. నేనెందుకు మానేశాను? నాన్న పోయాక నువ్వు ఐటీఐకి పోవాలి, అమ్మ బీడీలు చుట్టాలి, దీపను ఎవరు పట్టుకోవాలి? "నువ్వు ఆగు చెల్లె, ఒక్క యేడే" అన్నావు. ఆ ఒక్క ఏడు ఇంకా అయిపోలేదు. నేను లెక్కలు నేర్చుకోలేదు, నిజమే. ఆ పిల్లను ఎత్తుకుని నేర్చుకున్న లెక్క ఇది. నా చంకన ఎన్నేళ్ళు ఉందో, ఎప్పుడు దిగిందో నాకు తెలుసు. నీకు తెలీదు.

దీప మన ఉత్తరాలు చూసేసింది. బియ్యం డబ్బాలో దాచాను, బియ్యం కోసమని తీసి చదివింది. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి "అక్కా, నాకు ఎన్నేండ్లు?" అని అడిగింది. నేనేం చెప్పాలి?

తర్వాత అంది, "బడిల సారు నన్ను ముదురుబెండకాయ అంటడు. గింత వయసొచ్చి గిదే క్లాసా అంటడు. నేను మొద్దునే అనుకున్న." ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల తనను తాను మొద్దు అనుకుంటోంది. మీ కాగితం వల్ల.

నిన్న దాని మడమలు పగిలాయని పసుపు, నూనె రాస్తున్నాను. ఎడమ మడమ మీద నల్ల మచ్చ ఉంటుంది కదా, చిన్నప్పుడు ఎంత రుద్దినా పోదని మనం నవ్వేవాళ్ళం. మా అత్తమ్మ అది చూసి, బీడీ ఆకు కోసే కత్తెర పక్కన పెట్టేసింది.

"గీ పిల్ల కంటె ముంగట మీ అమ్మకు ఒక పిల్ల పోయిందా?" అంది.

పోయిందన్నాను.

"పోయిన పిల్లకు కుండ మసి వెట్టి సాగనంపుతరు. మల్ల కడుపుల వడ్తె గుర్తువట్టాలె గద. మీ అమ్మ మడిమకు వెట్టినట్టున్నది" అంది.

అన్నా, చిట్టికి పేరు పెట్టలేదని నువ్వు అనుకున్నావు. పెట్టారు. ఆ పేరు మన ఇంట్లో ఇంకా తిరుగుతోంది.

నువ్వు అమ్మను వయసు అడగొద్దు. ఒక్కటే అడుగు. మసి ఎవరు పెట్టారని అడుగు చాలు.

సంధ్య

*

సిరిసిల్ల,
16 నవంబర్ 2024

సంధ్యకు,

అడిగాను.

నిన్న కార్తీక పున్నమికి ఊరికి పోయాను. అమ్మ దీపాలకు వత్తులు చేస్తోంది. "అమ్మా, చిట్టి మడిమకు మసి నువ్వే వెట్టినవా?" అన్నాను. వత్తి చేతిలో అట్లాగే ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. ఇన్నేళ్ళకు ఎవరో అడిగారన్నట్టు నవ్వింది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తర్వాత నేను కలిపి రాశానని అనకు.

"చిట్టి కాదు కొడుకా, దీప. దవఖాన్ల పుట్టిన్నాడే పేరు వెట్టిన, కాయిదం ఇచ్చిండ్రు. ఎనిమిది నెలలు ఉన్నది. జరమొచ్చింది, అలిగి పోయింది. నేను మసి వెట్టి చెప్పిన, మల్ల నా తాననే రావాలె అని. అచ్చింది. ఇంటికాడ పుట్టింది, దసర పోయిన వారానికి. పుట్టంగనే కాలు తిప్పి చూసిన. గదే మడిమ, గదే మసి. ఇగ ఏరే పేరెందుకు? పోయొచ్చిన పిల్లకు మల్ల కొత్త కాయిదమెందుకు? బడిల కాయిదం అడిగితె గదే ఇచ్చిన. దాందే గద."

"ఇద్దరు గదనే అమ్మా" అన్నాను. "ఎక్కడి ఇద్దరురా? ఒక్కతే" అంది. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఆమె ఎవరినీ మోసం చేయలేదు.

నువ్వన్నదే నిజం. దీపకు మొన్న దసరా తర్వాత పదిహేను నిండినట్టు లెక్క. నేను తెలిసి చేయలేదు. ఇది నమ్ము.

కానీ ఇప్పుడు విను. పెళ్ళి ఆపలేను. పత్రికలు పంచేశాం, ఎల్లంతకుంటలో సతీశ్ వాళ్ళు మూడు వందల మందిని పిలిచారు. ఎందుకు ఆపావంటే ఏం చెప్పాలి? మా అమ్మకు పోయిన పిల్ల, ఉన్న పిల్ల ఒకటే అని చెప్పాలా? ఊరంతా ఆమెను పిచ్చిదంటుంది. కాగితం దొంగది కాదు, ఆఫీసులో అడిగినా అదే చెల్లుతుంది. పెళ్ళయ్యాక కూడా రెండేళ్ళు మన ఇంట్లోనే ఉంచుకుందాం, నేను సతీశ్‌తో మాట్లాడతాను. అతను ఎట్లాగూ బహ్రెయిన్‌లోనే ఉంటాడు.

ఇరవై నాలుగు ఆదివారం వస్తాను. గొడవ చేయకు. చేస్తే నీకు పుట్టిల్లు ఉండదు. ఇది కోపంతో రాయడం లేదు, ఆలోచించే రాస్తున్నాను.

వేణు

*

కోరుట్ల,
21 నవంబర్ 2024

వేణుకు,

అన్న అని రాయలేదు, చూసుకో. రాయబుద్ధి కాలేదు.

తెలియక చేస్తే అది తప్పు. తెలిశాక కూడా చేస్తానంటున్నావు చూడు, దానికి ఏం పేరు పెట్టాలో నా ఏడో తరగతి చదువుకు తెలియదు. అమ్మను పిచ్చిదంటారని నీకు భయం. అమ్మ పిచ్చిది కాదు. ఆమెకు దుఃఖం వచ్చింది, ఒక దారి వెతుక్కుంది. నువ్వు అన్నీ తెలిసి, పత్రికలు పంచేశామని ఆ పిల్లను మంటపంలో కూర్చోబెడతానంటున్నావు. అమ్మ కాగితం వెనక దాక్కుంటున్నావు.

"ఆఫీసులో అడిగినా అదే చెల్లుతుంది" అన్నావు. చెల్లుతుందో లేదో చూద్దామని నేనే పోయాను.

నిన్న జగిత్యాల కలెక్టరాఫీసులో పిల్లల సంగతులు చూసే మేడం దగ్గరికి పోయాను. శ్రవణ్ రానన్నాడు. "మీ అన్న చెల్లెండ్ల నడుమ నేనెందుకు? మీ ఉత్తరాల తోటే పోస్టాఫీసు నడుస్తున్నది" అన్నాడు. అత్తమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. "నడువ్, నేనస్త. పొద్దటి బీడీలు రేపు జేస్త" అని చెప్పులేసుకుంది.

లోపలికి పిలిచారు. నిలబడ్డాను. మూడుసార్లు నోరు తెరిచాను, గాలే వచ్చింది. మేడం "ఏందమ్మా, ఎవరు కొట్టిండ్రు? మొగడా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. సంచిలోంచి ఎక్స్‌రే తీసి బల్ల మీద పెట్టాను. ప్రేమలత మేడం రాసిచ్చిన కాగితం పెట్టాను. పెళ్ళిపత్రిక పెట్టాను. అప్పుడు మాట వచ్చింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. బయట కూర్చున్న అత్తమ్మకు కూడా వినపడిందట. "గింత గొంతున్నదా నీకు? ఇంట్ల ఎన్నడు ఇనలే" అంది తిరిగొచ్చేటప్పుడు.

అయినా మేడం ఏం చెప్పిందో తెలుసా? పుట్టిన కాగితం ఉంటే ముందు కాగితమే చూస్తారట. కాగితం లేనప్పుడే పళ్ళు, ఎముకలు చూస్తారట. ఎవరి నోట్లోని పన్ను వాళ్ళది. అయినా దానికన్నా అమ్మ పెట్టెలోని కాగితానికే విలువ ఎక్కువ. అక్కడే కూర్చుని ఏడ్వాలనిపించింది.

ఆ కాగితం ఈ పిల్లది కాదని తేలాలి. అది చెప్పగలిగింది ఒక్కరే. మొదటి దీప చనిపోయిందని, ఈమె రెండో బిడ్డ అని అమ్మ చెప్పి వేలిముద్ర వేయాలి. మేడం పెళ్ళి తారీఖు రాసుకుంది. సిరిసిల్ల ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్ళు మన ఇంటికి వస్తారు.

నేనే పంపాను. పేరు దాచుకోలేదు.

ఆదివారం నువ్వు రా. అన్నం పెడతాను. దీపను మాత్రం పంపను. పుట్టిల్లు లేదన్నావు. నన్ను బడి మాన్పించిన రోజు నుంచి అది నాకు పని చేసే ఇల్లే. తీసేసుకో.

సంధ్యారాణి

*

సిరిసిల్ల,
30 నవంబర్ 2024

సంధ్యారాణికి,

ఆదివారం నీ గడప దాకా వచ్చి నీళ్ళు కూడా ముట్టకుండా తిరిగొచ్చాను. మీ అత్త గిర్ని ముందర బజారంతా వినేటట్టు "బడికి వోయే పిల్లను తోల్కపోను అచ్చిండు, దారివ్వుండ్రి" అని అరిచింది. బావ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు నా ముఖం చూడలేదు. దీప నన్ను చూసి లోపలికి పోయింది. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల నన్ను చూసి లోపలికి పోయింది. సంతోషమేనా?

బుధవారం వచ్చారు. ఇద్దరు ఆడ ఆఫీసర్లు, ఒక పోలీసు, అంగన్‌వాడీ టీచరు. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాడకట్టు మొత్తం గోడ మీద ఉంది. కాగితం చూపించి "ఇది ఏ పిల్లదమ్మా?" అని అమ్మను అడిగారు.

అమ్మ కొంగు చివర ముడి వేసి విప్పుతూ కూర్చుంది. నేను అనుకున్నాను, "ఒక్కతే" అంటుంది, వాళ్ళు లేచి పోతారు అని. నిజం చెబుతున్నాను, అట్లా అనాలనే మొక్కుకున్నాను. ఒక ఆఫీసరు ముందుకు వంగి మెల్లగా, "అవ్వా, నువ్వు ఇద్దర్ని గన్నవా, ఒక్కదాన్నా? ఒక్కతే అంటే ఈ పిల్ల పెండ్లి వచ్చే గురువారం అయితది" అంది.

అమ్మ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు కదా, వేలితో తడిమింది. "గిది పెద్దదాంది. అది పోయింది" అంది.

పదిహేడేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. వాళ్ళు రాసింది చదివి వినిపించారు, వేలిముద్ర వేయించారు. పోయినదానికి ఇప్పుడు మరణ పత్రం రాయిస్తారట. దీపకు కొత్త పత్రం వస్తుందట.

పెళ్ళి ఆగింది. సతీశ్ ఫోన్ చేసి "అన్నా, పదో తరగతి పిల్లని నాకెవ్వలు చెప్పలే, మా అమ్మకు తెల్సా?" అన్నాడు. నేను ఫోన్ కట్ చేశాను. ఇప్పుడు నాక్కూడా గొంతు పట్టేస్తోంది.

అమ్మ మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటోంది. నువ్వు గెలిచావు. ఒకటి గుర్తుపెట్టుకో. ఆమె బిడ్డ ఒకసారే పోయింది. నువ్వు రెండోసారి చంపావు.

వేణు

*

కోరుట్ల,
6 డిసెంబర్ 2024, శుక్రవారం

అన్నా,

నీ చివరి మాట చదివి రెండు రోజులు నేనూ అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాను. కోపంగా ఉండటానికి కూడా బలం కావాలి.

నేను ఎవరినీ చంపలేదు. ఎనిమిది నెలల పిల్ల జ్వరంతో పోయింది. ఆ పిల్ల కోసం ఇంట్లో ఒక్కరోజు కూడా ఎవరూ సరిగా ఏడవలేదు, ఎందుకంటే పోలేదని అమ్మ నమ్మింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నా చెల్లె కదా అదీ. దాని ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఎర్ర బుగ్గ ఒక్కటే గుర్తుంది.

నువ్వు అమ్మను గోడ వైపు తిప్పి వదిలేసి షిఫ్టుకు పోయావు. ఆమె నిన్న ఎక్కడుందో తెలుసా? నీకు ఫోన్ వచ్చే ఉంటుంది. అయినా నేను రాస్తాను.

నిన్న పెళ్ళి కావాల్సిన రోజు. పదకొండు గంటలకు గిర్ని ముందర ఆటో ఆగింది. అమ్మ దిగింది, ఒక్కతే. రెండు బస్సులు మారి వచ్చింది. నా పెళ్ళయిన నాలుగేళ్ళలో మా ఇంటికి ఒక్కతే రావడం ఇదే మొదలు. అత్తమ్మ చాప వేసింది. "కూసో వదినె" అని తప్ప ఇంకేం అనలేదు. ఆమె నోటికి అది చాలా తక్కువ.

దీప వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. అమ్మ రమ్మని సైగ చేసి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుంది. అమ్మ బొటనవేలికి స్టాంపు సిరా ఇంకా ఉంది. ఎనిమిది రోజులైంది, గోరు పక్కన నీలంగా మిగిలింది. ఆ వేలితోనే మడమ మీది మచ్చను చాలాసేపు రుద్దింది. పోదని ఆమెకూ తెలుసు. తర్వాత దీప ముఖం చూసింది. రోజూ చూసే ముఖమే, కొత్తగా చూసింది.

"నువ్వు ఏరే పిల్లవే" అంది. "నువ్వు ఏరే. నేనే కలిపిన."

దీప "పెద్దది నా అసొంటిదేనా అమ్మా?" అని అడిగింది.

"కాదు. అది తెల్లగ ఉండె" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది. అత్తమ్మ లేచి తలుపు దగ్గరికి వేసి, గిర్నికి వచ్చినవాళ్ళను "సాయంత్రం రాండ్రి" అని పంపేసింది. సాయంత్రం అమ్మ అన్నం తింది. ఆదివారం దాకా ఉండి, దీపను తీసుకుని పోతుంది. సోమవారం నుంచి దీప బడికి పోవాలి. మార్చిలో పరీక్షలు.

నీ మీద నా కోపం పోలేదు. పోయిందని రాస్తే మనసు తేలికపడేది నీకు, అందుకే రాయను. అమ్మ "ఒక్కతే" అనాలని మొక్కుకున్నానని నువ్వే రాశావు. ఆ ఒక్క ముక్కకే నాకు నీతో ఏడాది మాట్లాడబుద్ధి కావడం లేదు. కానీ దాచుకోకుండా రాశావు. అదీ చూశాను.

జనవరిలో నువ్వు పోతావు కదా, పో. పోయే ముందు ఒక పని ఉంది. ప్రేమలత మేడం చెప్పింది, మందు బాగానే పట్టిందట. వేరు చివర మెల్లగా మూసుకుంటుందట. తొందరపెడితే పన్ను పోతుంది, ఏడాది పైన పట్టవచ్చు, మూడు నెలలకోసారి చూపించాలంది. మొదటిసారి జనవరి ఎనిమిది, బుధవారం. ఆ రోజు నేను తీసుకుపోను. నువ్వే దాన్ని తీసుకుని రా. దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించు, బెంచీ మీద దాని పక్కన కూర్చో.

కౌంటర్ దగ్గర చీటీ ఇస్తారు. పేరు, ఊరు, వయసు అని ఉంటుంది. పోయినసారి నీ మాట విని పద్దెనిమిది అని నేను రాశాను. ఈసారి నీ చేత్తో నువ్వు రాయి. పదిహేను అని రాయి. రాసి, దానికి చూపించి, అప్పుడు లోపలికి పంపు.

నీ పెద్ద చెల్లె,
సంధ్యారాణి